అడిగితే లేదన్నాను

నా ఎడమ వైపు, మెడ కింది అడ్డ ఎముకకు రెండు వేళ్ళ దిగువన, చర్మం లోపల ఒక పెట్టె ఉంది. కొత్త సబ్బుబిళ్ళంత ఉంటుంది. దాని నుంచి ఒక తీగ గుండెలోకి పోతుంది. గుండె కొట్టుకోవడం మరిచిపోయినప్పుడల్లా అది తట్టి లేపుతుంది. దాన్ని పెట్టి రెండేళ్ళు కావస్తోంది.

ఈ ఊళ్ళో ఇలాంటిది ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే వాళ్ళ కోసం, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళింట్లో వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొంత నా కోసం కూడా. ఈ రెండేళ్ళలో నేను ఎవరెవరిని ఎంత అనుమానించానో, అందులో ఎంత నిజమో, వరసగా రాసుకుంటేనైనా తేలుతుందేమోనని.

నా పేరు ఎస్తేరు. మెదక్‌లో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పుతాను. మా ఆయన ప్రకాశం పశువుల దవాఖానలో కాంపౌండరు. మాకు ఒక్కతే కూతురు, జ్యోతి.

1975, శ్రమల దినాలు

ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలకు జాకెట్టు కత్తిరించడం చూపిస్తున్నాను. గుడ్డ మీద సుద్దతో గీత గీయడం మొదలుపెట్టాను. ఆ గీత సగం దాకా గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి నా చెంప ఆ గుడ్డ మీదే ఉంది, పిల్లలు పుస్తకాలతో విసురుతున్నారు.

అంతకు ముందు కూడా రెండుసార్లు ఇలాగే అయింది. ఒకసారి బావి దగ్గర, ఒకసారి చర్చిలో మోకరించినప్పుడు. ఈస్టరు ముందు శ్రమల దినాల ఉపవాసాలు ఎక్కువయ్యాయని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఈసారి మాత్రం ప్రకాశం ఇంటికొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎడ్ల నాడి, బర్రెల నాడి చూసి చూసి అలవాటైన చెయ్యి అది. గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మూడోసారి లెక్కపెట్టాక నా మొహం వైపు చూడలేదు.

"ఎట్లున్నది?" అని అడిగాను.

"జర తక్కువున్నది. దవాఖానకు పోదాం పా."

ఊళ్ళో డాక్టరు హైదరాబాదుకు చీటీ రాసిచ్చాడు. మర్నాడు పొద్దున బస్సులో పోయాం.

హైదరాబాదు పెద్ద దవాఖానలో నాకు ఎక్కువ గుర్తున్నది ఆపరేషను కాదు, దానికి ముందు మూడు రోజులు కూర్చున్న వరండా. పొడుగాటి బల్ల, ఎదురుగా ఆకుపచ్చ తలుపు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా బల్ల మీది వాళ్ళందరం ఒక్కసారే తలెత్తేవాళ్ళం. నా పక్కన టేక్మాల్ నుంచి వచ్చిన ఒకామె కూర్చునేది. తమ్ముణ్ణి చూపించడానికి వచ్చింది. రోజూ తన మూటలోంచి జొన్నరొట్టె సగం తుంచి నాకిచ్చేది. వద్దన్నా ఒళ్ళో పెట్టేది. అలాంటి మంచి మనిషే నా మనసులో ముల్లు నాటింది.

"మా ఆయనను గూడ గీ దవాఖానకే తోల్కొస్తిమి అక్కా," అంది. "బతకడని డాక్టర్లకు ముందుగాల్నే ఎర్కంట. మా బావకు జెప్పిండ్రంట. నాకు మాత్రం ఎవ్వలు జెప్పలే. ఆడోళ్ళకు జెప్పరు."

ఆ మాట నాతో పాటే లోపలికి వచ్చింది. ఆపరేషను అయ్యాక, ఇంటికి పొమ్మన్న రోజున పెద్ద డాక్టరు ప్రకాశాన్ని పక్కకు పిలిచి చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. టైపు మిషను మీద కొట్టిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. ప్రకాశం నిలబడిన చోటే దాన్ని చదివాడు. ఒకచోట ఆగి, మళ్ళీ అక్కడే చదివాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఏం రాసిండ్రు?"

"మందుల సంగతే. టైముకు ఏసుకోవాలంట."

"గంతసేపు మందుల సంగతే జెప్పిండా?"

"బస్సు పోతది, నడువు," అన్నాడు.

ఎండాకాలం

ఇంటికొచ్చాక నేను మొట్టమొదట అనుమానించింది పెట్టెను. బయటి దేశం నుంచి వచ్చిన వస్తువు. ఎవరు చేశారో, ఎంత శ్రద్ధగా చేశారో తెలియదు. రేడియో ఉన్నట్టుండి మూగబోవడం చూశాను, టార్చిలైటు గుడ్డిదవడం చూశాను. ఇది మాత్రం ఆగదని ఎవరు చెప్పగలరు? గోడ గడియారం ఎదురుగా కూర్చుని మణికట్టు పట్టుకుని లెక్కపెట్టేదాన్ని. జ్యోతి వచ్చి "ఎంతమ్మా?" అంటే లెక్క తప్పేది, మళ్ళీ మొదలు.

తీగ ఊడిపోతుందేమోనన్నది ఇంకో భయం. చెయ్యి ఎత్తితే లాగేస్తుందేమో, పక్కకు తిరిగి పడుకుంటే జారిపోతుందేమో. అందుకని ఎడమ చేతిని ఒంటికి అతికించుకునే తిరిగాను. పైట కొంగుతో కట్టుకుని కూర్చునేదాన్ని. తల ఒక్క చేత్తో దువ్వుకునేదాన్ని. అలా వద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదేమో.

చూడటానికి వచ్చేవాళ్ళు బత్తాయిలు తెచ్చి, నా మొహం కాకుండా నా ఛాతీ వైపు చూసేవాళ్ళు. ముట్టుకుంటే షాకు కొడుతుందా అని ఒకామె జ్యోతిని చాటుగా అడిగిందట. ఆ తరవాత ఎవరొచ్చినా పెట్టె సంగతి ఎత్తవద్దని ఇంట్లో చెప్పాను. చిన్న ఆపరేషను, అంతే అనమన్నాను. బడిలో హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారికీ అదే కబురు పంపాను. కరెంటు మీద బతికే మనిషిని పిల్లల మధ్య ఉంచుతారా అన్నది నా అనుమానం.

కౌడిపల్లి నుంచి ప్రకాశం అక్క, శాంతమ్మ వదినె, నాకు సాయంగా వచ్చి ఉంది. వంటా, నీళ్ళూ, బట్టలూ అన్నీ ఆమే. నేను వంటింటి గడప దగ్గరికి వస్తే అక్కాతమ్ముళ్ళ మాటలు ఆగిపోయేవి.

"ఏం మాట్లాడుకుంటుండ్రు?" అంటే, "కూరల ఉప్పు సంగతి," అనేది వదినె.

ఉప్పు సంగతికి కళ్ళు తుడుచుకుంటారా? ఈమె సాయానికి రాలేదు, నా తరవాత జ్యోతిని చూసుకోవడానికి ఇప్పటి నుంచే అలవాటు పడుతోంది అనుకున్నాను. ఒకరోజు ఆమె జ్యోతికి జడ వేస్తుంటే, దువ్వెన లాక్కుని ఒంటిచేత్తో నేనే వేయబోయాను. రాలేదు. జ్యోతి సగం జడతోనే లేచి వెళ్ళిపోయింది. వదినె కింద పడ్డ వెంట్రుకలు ఏరింది.

ప్రకాశం పనికి పోయినప్పుడు ట్రంకుపెట్టె తెరిచి ఆ కాగితం కోసం వెతికాను. పొలం కాగితాలు దొరికాయి, జ్యోతి బాప్తిస్మం చీటీ దొరికింది. అది దొరకలేదు. దాంతో నా అనుమానం రెట్టింపయింది. మందుల కాగితమైతే మందుల దగ్గర ఉండాలి కదా.

బడి తెరిచాక

జూన్‌లో బడికి పోయాను. బల్ల మీద గుడ్డ పరిచి రెండు చేతులతో సాపు చేయబోతే ఎడమ చెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. బలవంతంగా ఎత్తితే భుజంలో కత్తి దిగినట్టయింది. మూడు నెలలు కట్టేసి ఉంచిన చెయ్యి, ఇప్పుడు విప్పినా కదలనంది.

కొన్నాళ్ళు పిల్లల చేత పట్టించి నెట్టుకొచ్చాను. హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు రెండుసార్లు తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళారు. మూడోసారి లోపలికి పిలిచారు.

"ఎస్తేరమ్మా, ఇంకా కొన్ని దినాలు ఆరాం తీసుకుంటవా? మనిషివి మంచిగ కనిపిస్తలేవు."

ఆ ముందురోజే ఒక పడుచుపిల్ల, చేతిలో సర్టిఫికెట్లతో, ఆఫీసు ముందు కూర్చుని ఉండటం చూశాను. నా చోటుకే అనుకున్నాను. ఆ పిల్ల ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు, అడగనూ లేదు.

"నెల దినాలల్ల చెయ్యి మంచిగైతదమ్మా," అని చెప్పి వచ్చాను.

కరెంటు వైద్యం సంగతి తెచ్చింది వదినె. బజారులో ఒక గది కిరాయికి తీసుకుని, వారానికి రెండు రోజులు ఒకాయన కూర్చుంటున్నాడట. మిలిటరీ దవాఖానలో పనిచేసి రిటైరైన మనిషి, కృష్ణా జిల్లా వైపు ఆయన. అందరూ రావుగారంటారు. పడిపోయిన కాళ్ళకూ, పట్టేసిన నడుములకూ కరెంటు పెడతాడు.

"ఆంధ్రాయన. ఎట్లాంటోడో ఏమో," అంది వదినె. "కాని మా ఊరాయనకు మూతి వంకర పోయింటే సగం సక్కగైంది. కండ్లార చూసిన."

"ఆయనను అడుగుదామా?" అన్నాను, ప్రకాశం సంగతి ఎత్తుతూ.

"ఆడు రేగోడ్‌ల ఉన్నడు. పశువుల టీకాలంట, పది దినాలు రాడు."

నిజం చెప్పాలంటే, ప్రకాశం లేకపోవడమే నాకు మేలనిపించింది. ఆయన నాకు చెప్పకుండా ఏదో దాస్తున్నాడు. నేను ఆయనకు చెప్పకుండా ఒక పని చేస్తే తప్పేమిటి?

ఆగస్టు

గది బయట రెండు బెంచీలు. ఒకదాని మీద మగవాళ్ళు, ఒకదాని మీద ఆడవాళ్ళు. లోపలికి పోయి వచ్చిన ప్రతివాళ్ళ మొహం బయట వాళ్ళు చదువుతారు. వదినె చెప్పిన ఆ కౌడిపల్లి ఆయన కూడా ఉన్నాడు. మాతో మాట్లాడుతూ మూతి ఒక పక్కకు లాగి నవ్వాడు. ఆ సగం నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఆడవాళ్ళకు సాయం చేయడానికి లోపల ఖైరున్నిసా బీ అని ఒకామె ఉంది. నడివయసు మనిషి. వాళ్ళాయన దర్జీ దుకాణం నాకు తెలుసు, బటన్లు అక్కడే కొంటాను.  ఈమెకు తెలిస్తే బజారంతా తెలుస్తుంది అనుకున్నాను.

రావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నా చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూశారు. చిన్న నోటుబుక్కు తెరిచారు.

"ఫిట్స్ ఏమన్నా ఉన్నాయా అమ్మా?"

"లేవు."

"గర్భం?"

"లేదు."

"గుండె జబ్బు?"

వదినె నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నన్ను చెప్పమంటోంది. నా మనసులో ఆ క్షణంలో చాలా మాటలు తిరిగాయి. చెబితే ఈయన పొమ్మంటాడు. ఖైరున్నిసా బీ వింటుంది. బడికి తెలుస్తుంది. అయినా జబ్బు ఉంటే కదా, దానికి ఆపరేషను అయిపోయింది కదా.

"లేదు," అన్నాను.

రావుగారు రాసుకున్నారు. వదినె తల దించుకుంది.

మొదటి రోజు మోచేతి పైన మాత్రమే పెట్టారు. చెక్కపెట్టె, దానికి నల్లటి గుండీ, రెండు తీగలు. తీగల చివర ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డల బిళ్ళలు. ఖైరున్నిసా బీ వాటిని పట్టీలతో కట్టింది. గుండీ తిప్పితే చీమలు పాకినట్టయి, తరవాత కండ దానంతటదే ఎగిరింది. నా చెయ్యి నాది కానట్టు లేచి పడుతుంటే నవ్వొచ్చింది. కొంచెం తల తేలికైనట్టు అనిపించింది, కానీ పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, అందుకే అనుకున్నాను. ఇంటికొచ్చాక చెయ్యి ఒక అంగుళం పైకి లేచినట్టే ఉంది. వదినెతో, "చూసినవా, ఏమన్న అయిందా?" అన్నాను. ఆమె నీళ్ళబిందె ఎత్తుకుని బయటికి పోయింది.

రెండోసారి భుజానికి పెట్టారు. ఒక బిళ్ళ వీపు మీద, ఒకటి ముందు వైపు. ముందు బిళ్ళ కట్టేటప్పుడు జాకెట్టు కొంచెం కిందికి జరపమంది ఖైరున్నిసా బీ. నేను గట్టిగా పట్టుకుని, "ఇంతే చాలు," అన్నాను. సిగ్గనుకుని ఊరుకుంది.

గుండీ తిరిగింది. భుజం ఎగిరింది. రెండుసార్లు, మూడుసార్లు. ఆ తరవాత గదిలో వెలుతురు పక్కల నుంచి తగ్గుతూ వచ్చింది. అది నాకు తెలిసిన చీకటే. గుడ్డ మీద సుద్దగీత సగంలో ఆగిన రోజు వచ్చినది. ఆపమని చెప్పాలనుకున్నాను. నోరు నా మాట వినలేదు. భుజం మాత్రం ఎగురుతూనే ఉంది.

తరవాతి సంగతి వదినె చెబితే తెలిసింది. రావుగారు చెక్కపెట్టె వైపు చూస్తున్నారట. నా కళ్ళు పైకి తేలడం ఖైరున్నిసా బీ చూసింది. ఆయనకు చెప్పి, ఆయన ఆపే దాకా ఆగకుండా, రెండు తీగలూ ఒక్క గుంజు గుంజింది. బిళ్ళలు పట్టీలతో సహా ఊడివచ్చాయి. నన్ను బల్ల మీద పడుకోబెట్టి రొమ్ము మీద చెయ్యి వేసింది.

నాకు మొదట వినిపించింది ఆమె గొంతే. "అమ్మా, జర ఊపిరి తీయుండ్రి. ఇగో, నన్ను చూడుండ్రి. ఆఁ, గట్లనే." ఆ తరవాత కొంచెం సేపటికి, వేరే గొంతుతో, "సార్, ఈడ లోపల గట్టిగ ఏందో ఉన్నది," అంది.

రావుగారు చూశారు. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయారు.

"అడిగాను కదమ్మా," అన్నారు. "ఎందుకు చెప్పలేదు?"

 వదినె ఏడుస్తోంది. అంత జరిగినా అప్పుడు నా మనసులోకి వచ్చింది ఏమిటో రాయడానికి సిగ్గేస్తోంది. ఈయన నా పెట్టెను పాడుచేశాడు, ఇక నేను ఎన్ని గంటలో, అన్నదే. నా అబద్ధం నాకు గుర్తుకే రాలేదు.

ఆయనే రిక్షా పిలిపించి, పక్కన నడుస్తూ దవాఖాన దాకా వచ్చారు. రేగోడ్‌కు మనిషిని పంపింది కూడా ఆయనే.

ఆ మర్నాడు

ప్రకాశం పొద్దున మొదటి బస్సులో వచ్చాడు. బట్టల మీద పేడ మరకలు అలాగే ఉన్నాయి. మంచం పక్కన నిలబడి అలవాటు ప్రకారం నా మణికట్టు అందుకోబోయాడు. చెయ్యి లాక్కున్నాను.

"ఆ కాయితంల ఏమున్నదో ఇప్పుడన్న జెప్పుండ్రి. నేను సచ్చినంక నలుగురికి జదివి వినిపిస్తరా?"

వదినె జ్యోతిని బయటికి తీసుకుపోబోయింది. "ఆమె గూడ ఉండనీ," అన్నాను.

ప్రకాశం చొక్కా లోపల, బనీను జేబులోంచి కాగితం తీశాడు. చెమటకు మడతల దగ్గర చిరిగిపోయింది. ఐదు నెలలుగా అక్కడే ఉంది. అందుకే ట్రంకులో దొరకలేదు. ఒక్కొక్క లైను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. చెయ్యి మెల్లమెల్లగా కదిలిస్తూ ఉండాలని ఉంది. కట్టేసి పెట్టవద్దని ఉంది. ఒంటికి కరెంటు పెట్టే వైద్యం ఏదీ, కండలకైనా నొప్పులకైనా, పెద్ద డాక్టరును అడగకుండా చేయించుకోవద్దని ఉంది. ఎక్కడికి వైద్యానికి పోయినా పెట్టె సంగతి ముందుగా చెప్పాలని ఉంది.

అక్కడ ఆగాడు.

"ఇంకొకటున్నది. చదువుండ్రి," అన్నాను.

"దీని బ్యాటరీ రెండేండ్లో, జర ఎక్కువనో వస్తదంట," అన్నాడు. "అయిపోతే మల్ల కోసి కొత్తది పెట్టాలె. దొరుకుతదో లేదో గూడ తెల్వదని జెప్పిండు డాక్టరు. ఆ ఒక్క మాట నీకు జెప్పనీకె నోరు రాలే. అది జెప్పకుండ మిగిలినయి ఎట్ల జెప్పాలె? కాయితం జూపియ్యమంటవు గద. అందుకని మొత్తమే దాచిన."

దాస్తున్నాడన్న నా అనుమానం నిజమే. ఎందుకు దాస్తున్నాడన్నది మాత్రం నేను ఊహించినది కాదు. రెండేళ్ళ మాట నాకు తెలియకూడదని ఆయన దాచాడు. కరెంటు మాట అందులోనే ఉండిపోయింది. పెట్టె సంగతి ఊరికి తెలియకూడదని నేను దాచాను. నేను కోప్పడతానని వదినె నోరు మూసుకుంది. ముగ్గురం ముగ్గురి మంచి కోసమే దాచాం.

"రావుగారు గుండె జబ్బున్నదా అని అడిగిండు," అన్నాను. "లేదన్న."

ప్రకాశం కాగితం మడతపెట్టడం ఆపాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. జ్యోతి వచ్చి నా కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చుంది. వదినె అందరికీ చాయ్ పెట్టుకొస్తానని లేచింది.

హైదరాబాదులో మళ్ళీ

అదే వరండా, అదే బల్ల. ఈసారి ఆకుపచ్చ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను ముందుగా లేచి నిలబడ్డాను. లోపల ఒక చిన్న వయసు లేడీ డాక్టరు ఉంది. పెట్టెను రెండు రోజులు పరీక్షించారు. ఆమె ప్రకాశంతో ఇంగ్లీషులో మొదలుపెడితే, "నాకు జెప్పుండ్రి అమ్మా. పెట్టె నాకున్నది," అన్నాను. ఆమె నవ్వి, కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"మీ పెట్టె ఊరికే కొట్టదు. మొదలు వింటది," అంది. "గుండె దానంతట అది కొట్టుకుంటే ఇది సప్పుడు చెయ్యదు. కొట్టుకోకపోతేనే ఇది కొడుతది. ఆ రోజు భుజానికి పెట్టిన కరెంటును ఇది విన్నది. గుండెనే కొట్టుకుంటున్నదనుకున్నది. అందుకని ఊకున్నది."

"అంటే ఖరాబు కాలేదా?"

"కాలేదు. మోసపోయింది."

"మొదటి రోజు ఎందుకు మోసపోలే?"

"ఆ రోజు జర దూరంగ పెట్టిండ్రు కాబట్టి కావచ్చు. గ్యారంటీగ చెప్పలేను. ఒకసారి ఏం కాలేదని రెండోసారి ఏం కాదని ఎవరూ చెప్పలేరు. మీరు మాత్రం ఇంక ఆ జోలికి పోవద్దు."

ఇన్ని నెలల్లో నాతో "చెప్పలేను" అన్న డాక్టరు ఈమె ఒక్కతే. అందుకే ఈమె మిగిలిన మాటలు నమ్మాను. తీగ ఊడిపోదని చెప్పింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లగా పైకి పాకించమంది, వేడి గుడ్డ కాపడం పెట్టమంది. బ్యాటరీ అయిపోవస్తే నాడి నెమ్మదిస్తుందనీ, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే ముందే తెలుస్తుందనీ చెప్పింది. కొత్తది దొరుకుతుందా అని అడిగాను. ఇప్పటి నుంచే రాసి పెడతామంది. ఆ జవాబు నన్ను పూర్తిగా నిమ్మళపరచలేదు. కానీ అడిగింది నేను, విన్నది నేను. దానితో కొంత బరువు తగ్గింది.

సెప్టెంబరు

ఊరికి తిరిగి వచ్చేసరికి మాట మాకంటే ముందు తిరుగుతోంది. ఆంధ్రా కరెంటు డాక్టరు ఒక పంతులమ్మను చంపబోయాడట. బెంచీలు ఖాళీ అయ్యాయట. గది ఓనరు ఖాళీ చేయమంటున్నాడట.

ఇది ఖైరున్నిసా బీ పనే అనుకున్నాను. వాళ్ళ దుకాణం ముందు నుంచి పోతుంటే ఆమే కనబడి పిలిచింది. "చెయ్యి ఎట్లున్నది అమ్మా? నేను పొద్దుమీకి వచ్చి జర రుద్దాల్నా? కరెంటు లేకుండనే," అంది. మర్నాటి నుంచి సాయంత్రాలు వచ్చింది కూడా. నా చెయ్యి పట్టి గోడ మీద అంగుళం అంగుళం పాకించేది. నాలుగో రోజు ఉండబట్టలేక అడిగాను, ఊళ్ళో ఎవరికైనా చెప్పిందా అని.

ఆమె చెయ్యి వదలకుండానే అంది, "నేను జెప్తే గట్ల జెప్తనా అమ్మా? మీరు దాచిండ్రని గూడ జెప్తుంటి గద."

నీళ్ళ పంపు దగ్గర చెప్పింది వదినేనట. ఏడుస్తూ, భయంతో, సగం చెప్పింది. నేను అబద్ధమాడిన సగం మాత్రం తనలోనే ఉంచుకుంది. నా పరువు కోసం.

వారం తరవాత బడికి పోయి హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారితో పెట్టె సంగతి మొత్తం చెప్పాను. ఆమె అంతా విన్నారు.  చివరికి, "గీ సంగతి ముందుగాల ఎరుకైతే పై అంతస్తు క్లాసు నీకు ఇయ్యకపోదును," అని, మర్నాటి నుంచి కింది గది ఇచ్చారు. ఆమెకు నా మీద ఇంకా కొంత భయం ఉందని నా అనుమానం. పిల్లల్లో ఒకరిని ఎప్పుడూ నా పక్కనే ఉంచమంటారు.

ఆ శనివారం ప్రకాశాన్ని వెంటబెట్టుకుని రావుగారి గదికి పోయాను. బెంచీల మీద ఐదారుగురే ఉన్నారు. కౌడిపల్లి ఆయన ఉన్నాడు. కాలు బిగుసుకుపోయిన ఒక చిన్నామె ఆడవాళ్ళ బెంచీ చివర కూర్చుని ఉంది. రావుగారు నన్ను చూసి గడపలోనే నిలబడిపోయారు. నేను ఇంకో గొడవ తెచ్చానని అనుకుని ఉంటారు.

నేను బెంచీల ముందు నిలబడ్డాను. 

"రావుగారు చంపబోయిండని మీరు విన్నరు. గా పంతులమ్మను నేనే," అన్నాను. "నా గుండెకు మిషను పెట్టిండ్రు. గుండె జబ్బున్నదా అని ఈ సారు అడిగిండు. నేను లేదన్న. ఉన్నదని ఒక్క మాటంటే ఈయన నన్ను ముట్టుకోకపోతుండె. తప్పు నాది."

 రావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అబద్ధం చెప్పారు, నిజమే," అన్నారు మెల్లగా. "మీ వదినగారు తల దించుకోవడం నేనూ చూశాను. అయినా మళ్ళీ అడగలేదు. ఖైరున్నిసా లేకపోతే ఇవాళ మీరిక్కడ నిలబడేవాళ్ళు కాదు, నేనూ నిలబడేవాణ్ణి కాదు."

ఖైరున్నిసా బీ గడపలో నిలబడి పట్టీలు చుట్టుకుంటోంది. తలెత్తలేదు.

నేను వెనక్కు తిరిగాను. ప్రకాశం మెట్టు దిగి చెయ్యి అందించాడు. అప్పుడు బెంచీ చివరి నుంచి ఆ కాలు బిగుసుకున్న చిన్నామె పైట సర్దుకుంటూ లేచింది. పక్కనున్న వాళ్ళత్త కొంగు పట్టి కూర్చోబెట్టబోతే విడిపించుకుంది.

"సార్," అంది. "నన్ను ఇంకోసారి అడుగుండ్రి."